బాతులు తలెత్తని దగ్గు

మా బావ దగ్గు గురించి రాస్తున్నానని చెబితే అక్క చేటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు. కాసేపటికి, "రాస్తే రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి. నీ పైత్యం కలపకు," అంది. అందుకే ఇందులో మా బాతులు ఆరువందలే. ఇంకెవరికైనా చెప్పేటప్పుడు రెండువేలుంటాయి.

నా సంగతి ముందే చెప్పేయడం మంచిది. గుడివాడ నుంచి నాగాయలంక దాకా కాలవ గట్ల మీద నన్నెరిగినవాళ్ళెవరూ నా మాట పూర్తిగా నమ్మరు. గిలకలదిండి రేవులో చేపల పాట జరుగుతుంటే నా చంకలో ఉన్న బాతు ఒక్క అరుపు అరిచిందనీ, పాట పాడేవాడు దాన్నే పై పాట అనుకుని గంపెడు పండుగప్పలు నా పేర ఖాయం చేసేశాడనీ నేను చెప్పిన కథ నాకంటే ముందే ఊళ్ళు తిరిగేసింది. నిజానికి ఆ రోజు నేను గిలకలదిండి వెళ్ళనే లేదు. జ్వరంతో టార్పాలిన్ పట్టా కింద పడుకుని ఉన్నాను. ఊరికే పడుకుంటే ఊసుపోదు కదా.

మాది గుడివాడ పక్కనే. ఇల్లంటూ ఒకటుంది గానీ, ఏడాదిలో ముప్పాతిక భాగం దానికి తాళమే. కోతలు ఎక్కడైతే మేమక్కడ. కోత మిషను చేను దాటి గట్టెక్కగానే మేం బాతుల మందని దింపుతాం. రాలిన గింజలు, నత్తలు, పురుగూ పుట్రా వాటి మేత. పొలం శుభ్రమవుతుంది, రెట్ట ఎరువవుతుంది, పొద్దున్నే ఇన్ని గుడ్లు ఆ రైతు ఇంటికి వెళ్తాయి. మేత అయిపోగానే టార్పాలిన్ పట్టా, రాత్రిళ్ళు మంద చుట్టూ కట్టే వల, గిన్నెలు, పొయ్యి తోపుడు బండి మీద వేసుకుని గట్టు వెంట పై ఊరికి. మేం ముగ్గురం. బావ, అక్క, నేను. నాకు పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదో చెప్పడానికి నా దగ్గర పద్నాలుగు కారణాలున్నాయి గానీ అక్క ఒక్కటీ రాయనివ్వదు.

మందకి ముందు నడిచేది బావ. వెనక పొడుగాటి గెడ పట్టుకుని నేను. పొద్దున్నే వల విప్పే ముందు బావ చుట్ట ముట్టించేవాడు. మొదటి దమ్ముకి దగ్గు వచ్చేది. రెండు పొట్టివి, కాస్త ఆగి ఒకటి పొడుగుది, చివర గొంతులో ఏదో గీసుకుపోయినట్టు. ఆ దగ్గు అయ్యాకే తవుడు కలిపిన తొట్టి వచ్చేది. ఆ దగ్గు అయ్యాకే వల లేచేది. పిల్లలుగా మా దగ్గరకి వచ్చినప్పటినుంచీ అవి రోజూ విన్నది అదే. అలా ఎవరూ నేర్పకుండానే బావ దగ్గు వాటికి పిలుపైపోయింది. చేనంతా చెదిరి ఉన్నా సరే, బావ దగ్గితే ఆరువందల మెడలూ ఒక్కసారి లేచేవి. తర్వాత వరసలు కట్టి వచ్చేవి. ఒక కుంటి బాతు ఉండేది. అది ఎప్పుడూ అన్నిటికన్నా ఆఖరు. అది వచ్చి మందలో కలిసేదాకా బావ అడుగు వేసేవాడు కాదు.

నేను పిలిస్తే రావు. "బా… బా…" అని గొంతు చించుకున్నా మేత మానవు.

"మనుషులే నమ్మరు నీ మాట. బాతులు నమ్ముతాయేంట్రా?" అనేవాడు బావ.

అలాంటి మనిషికి దగ్గకూడని కాలం వచ్చింది.

మొదటి లాక్‌డౌన్ పెట్టినప్పుడు మేం పులిగడ్డ వంతెన దాటి దివిసీమలో ఉన్నాం. అవనిగడ్డ నుంచి నాగాయలంక వెళ్ళే దారిలో, మినుము తీసేసిన చేల పక్కన మురుగు కాలవల్లో నత్తలు బాగా ఉన్నాయని వెళ్ళాం. మందని లారీ ఎక్కించి వెనక్కి తెచ్చేద్దామంటే లారీలు లేవు. గుడ్ల వ్యాను రావడం మానేసింది. గుడ్డు తింటే జబ్బొస్తుందని ఎవరో అన్నారట, దాంతో ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్ళు లేరు. బాతులకి ఈ కబుర్లేవీ తెలియవు. రోజూ పెట్టే గుడ్లు రోజూ పెట్టేవి. మేం పొద్దున గుడ్డు, మధ్యాహ్నం గుడ్డు, రాత్రి గుడ్డు తిన్నాం.

ఒకరోజు పోలీసాయన మోటారు సైకిలు గట్టున ఆపాడు.

"ఇళ్ళకి వెళ్ళిపోండి. రోడ్ల మీద ఉండకూడదు."

"ఇదేనండీ ఇల్లు," అంది అక్క, పట్టా చూపిస్తూ.

"ఇల్లు రోడ్డు మీద ఉండకూడదమ్మా."

"ఇల్లు ముందునుంచీ ఇక్కడే ఉందండీ. రోడ్డే దాని ముందుకొచ్చి పడుకుంది," అన్నాను.

ఆయన లాఠీ కాస్త పైకెత్తి, ఎందుకో మళ్ళీ దించేశాడు. "కనీసం మూతులకి ఏదన్నా కట్టుకోండయ్యా," అని వెళ్ళిపోయాడు. పెడనలో ఎప్పుడో కొన్న కలంకారీ దుప్పటి ఒకటి అక్క చింపి మూడు గుడ్డలు చేసింది. బావ మూతి మీదకి నెమలి తల వచ్చింది. తోక నాకు వచ్చింది. అక్కకి ఆకులు.

ఆ రోజుల్లో ఎవరికి ఫోను చేసినా ముందు ఫోనే దగ్గేది. తర్వాత జాగ్రత్తలు చెప్పేది. ఫోనులో దగ్గుకి కూడా మా బాతులు తలెత్తి చూసేవని నేను చాలా చోట్ల చెప్పాను. చూడలేదు. ఈ ముక్క అక్క కోసం.

మేత అయిపోయి పై ఊరికి కదిలాం. ఊరి మొదట్లో రోడ్డుకి అడ్డంగా తుమ్మ కంప, కొబ్బరి మట్టలు. కంప వెనక కర్రలు పట్టుకుని కుర్రాళ్ళు. వాళ్ళ వెనక ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దాయన, ఆ ఊరి రైతే, తువ్వాలు ముక్కుకి చుట్టుకుని. మా మంద అప్పటికే పక్క చేలోకి దిగిపోయింది. దాన్ని వెనక్కి తిప్పాలి. బావ అలవాటు కొద్దీ దగ్గాడు.

"దగ్గాడ్రోయ్! వెనక్కెళ్ళండి, వెనక్కెళ్ళండి!"

కర్రలన్నీ నాలుగడుగులు వెనక్కి వెళ్ళాయి. కుర్చీ కూడా వెళ్ళింది.

నేను చేతులెత్తి ముందుకి వెళ్ళాను. "అది జబ్బు దగ్గు కాదండీ. బాతుల దగ్గు!"

"బాతులకి కూడా వచ్చేసిందా?" అన్నాడు ఒక కుర్రాడు, నిజంగా భయపడి.

"వాటికి రాలేదు బాబూ. వాటి కోసం దగ్గుతాడు. అటు చూడండి."

అప్పటికే మంద మెడలెత్తి చేలోంచి గట్టుకి ఎక్కుతోంది. ఆరువందలూ బావ వైపు వచ్చి నిలబడ్డాయి. కుంటిది కూడా వచ్చింది, తీరుబడిగా.

పెద్దాయన ముక్కు మీది తువ్వాలు దించేశాడు. "ఏదీ, ఇంకోసారి దగ్గమను."

బావ ఎప్పుడూ సిగ్గరి. నలుగురి ముందు దగ్గమంటే చెవులు ఎర్రబడ్డాయి. నేను మందని చేలోకి తోలాను. బావ నెమలి తల పక్కకి తీసి రెండు పొట్టివి, ఒకటి పొడుగుది దగ్గాడు. మంద తిరిగి వచ్చింది. పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "మా ఇంట్లో నేను గొంతు చించుకున్నా ఒక్కడు రాడు కదరా," అన్నాడు కుర్రాళ్ళతో.

ఊళ్ళోకి రానివ్వలేదు గానీ ఊరి బయట కాలవ గట్టున ఉండనిచ్చారు. నలభై రోజులు పైనే ఉన్నాం. కాలవ తూము మీద వాళ్ళు బియ్యం, కూరగాయలు పెట్టి వెళ్ళేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక మేం తెచ్చుకుని ఆ చోట బుట్టతో గుడ్లు పెట్టేవాళ్ళం. మేం వెనక్కి వచ్చాక వాళ్ళొచ్చి, గుడ్ల మీద పసుపు నీళ్ళు చల్లి తీసుకెళ్ళేవాళ్ళు. ఒకరి మొహం ఒకరం దగ్గర్నుంచి చూసుకోలేదు. కానీ ఏ రోజూ తూము ఖాళీగా లేదు.

తర్వాత దార్లు తెరిచాక గుడివాడ దాకా వచ్చేటప్పుడు ప్రతి ఊరి దగ్గరా అదే ఆట ఆడాం. ముందు నా కథ, తర్వాత బావ దగ్గు, ఆఖర్న బాతులు. ఊరూరికీ కథకి పదును పెట్టాను. రెండో నెలకి నేను నోరు తెరవగానే ఎక్కడ నవ్వుతారో నాకు ముందే తెలిసిపోయేది. ఆ దగ్గు మాకు పాసు కాగితం లాంటిదైపోయింది. బావ దగ్గితే జబ్బు కాదని నేను ఎంతమందికి చెప్పానంటే, చివరికి నాకు నేనే చెప్పేసుకున్నాను.

మరుసటి ఏడాది వేసవిలో దాళ్వా పంట కోతలప్పుడు మేం పామర్రు దాటి బందరు రోడ్డుకి దిగువన ఉన్నాం. ఈసారి ఊళ్ళకి కంపలు లేవు. జబ్బు మాత్రం మొదటిసారి కంటే దగ్గరికి వచ్చింది. రోడ్డు మీద అంబులెన్సు కూత వినపడితే అక్క చేస్తున్న పని ఆపి, అది దూరమయ్యేదాకా నిలబడి ఉండేది. మధ్యాహ్నం పన్నెండు నుంచి కర్ఫ్యూ. పన్నెండు దాటాక బందరు రోడ్డు మీద మా బాతుల అరుపులే వినపడేవి.

ఒక ఉదయం స్కూటీ మీద ఆశా వర్కరు వచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. రెండు మాస్కులు, మోచేతుల దాకా గ్లవుసులు, చెమటతో తడిసిపోయిన చీర. ఊరి చివరిదాకా ఇల్లిల్లూ తిరిగి, లెక్కలో లేని మమ్మల్ని కూడా అడగడానికి గట్టు దిగి వచ్చింది.

"ఎవరికైనా జ్వరం, దగ్గు, ఒళ్ళునొప్పులు ఉన్నాయాండీ?"

సరిగ్గా అప్పుడే పట్టా నీడలో కూర్చున్న బావ దగ్గాడు.

ఆమె అటు చూసింది. నేను ముందుకొచ్చాను. "అది జబ్బు దగ్గు కాదు మేడమ్, బాతుల దగ్గు," అని మొదలుపెట్టాను. ఊరి ముందు కంప, వెనక్కి జరిగిన కుర్చీ, "బాతులకి కూడా వచ్చేసిందా" అన్న కుర్రాడు, అన్నీ చెప్పాను. ఆమె మాస్కుల వెనక నవ్వుతోందని కళ్ళని బట్టి తెలుస్తోంది.

"చూపిస్తాను చూడండి. బావా, ఓసారి దగ్గు."

బావ దగ్గాడు.

మంద చేలో మేస్తోంది. ఒక్కటీ మెడ ఎత్తలేదు.

ఆ మంద మా దగ్గరున్న నాలుగేళ్ళలో అలా జరగలేదు. ఆ క్షణాన నేను చూడవలసింది చూశాను. కానీ చూసినదాన్ని కథలోకి తోసేశాను. "చూశారా మేడమ్, మిషను కోతల్లో గింజలు ఎక్కువ రాల్తున్నాయి. తిని ఒళ్ళు కొవ్వెక్కింది. యజమాని దగ్గినా లెక్క లేదు!"

ఆమె పైకే నవ్వింది. "పది రోజుల తర్వాత నవ్వానండీ," అంది. సంచిలోంచి వేలికి పెట్టే మిషను తీసింది. "ఆయన వేలు ఒకసారి పెట్టమనండి. చూసి వెళ్ళిపోతాను."

"ఆ వేలికి ముప్పై ఏళ్ళ బురద ఉంది మేడమ్. మీ మిషను పాడైపోతుంది. ఆయనది చుట్ట దగ్గు, మా అక్క పెళ్ళికి ముందునుంచీ ఉంది. కావాలంటే కట్నం కింద రాయించుకున్నాం అనుకోండి."

ఆమె మళ్ళీ నవ్వి, మిషను సంచిలో పెట్టుకుంది. ఏదన్నా తేడాగా ఉంటే ఫోను చెయ్యమని నెంబరు చెప్పి వెళ్ళిపోయింది. ఆమె తప్పు రవ్వంత లేదు. ఇంకా ఎన్నో ఇళ్ళు తిరగాలి. ఇక్కడ నవ్వుతున్న మనుషులు ఉన్నారు.

వెనక్కి తిరిగితే బావ బాతుల వైపే చూస్తున్నాడు.

"ఎందుకు రాలేదురా అవి?"

"కొవ్వెక్కి."

మరునాడు పొద్దున బావ మళ్ళీ దగ్గాడు. రెండు పొట్టివీ లేవు, పొడుగుదీ లేదు. తెగి తెగి, లోపల ఎక్కడో ఆగిపోతూ వచ్చింది. మంద వలలో అటు తిరిగి నిలబడే ఉంది. వల నేనే విప్పాను.

ఆ మధ్యాహ్నం బావ నన్ను దగ్గరికి పిలిచాడు. "ఏరా, బాతుల వాసన వస్తోందా నీకు?"

ఆరువందల బాతులు. మే నెల ఎండ. బస్సులో మా పక్కన ఎవరూ కూర్చోరు. "ఎందుకు రాదు బావా, బందరు దాకా వస్తోంది."

"నాకు రావట్లేదురా."

"అదృష్టవంతుడివి," అన్నాను.

అక్క పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. బావ తల దగ్గర చుట్టల కట్ట ఉంది, విప్పినట్టు లేదు. "రెండు రోజుల్నుంచీ చుట్ట కాల్చలేదు ఈయన," అంది. కూర్చుని నుదుటి మీద చెయ్యి వేసింది. తర్వాత నా వైపు చూసింది. నన్ను తిట్టలేదు. ఈనాటి వరకూ ఆ సంగతి మీద నన్ను ఒక్క మాట తిట్టలేదు.

మరునాడు పొద్దున గుడ్ల వ్యాను వచ్చింది. వ్యాను ఆయనకి దాపరికం లేకుండా చెప్పాను. ఆయన వెనక తలుపు తీసి, ఖాళీ ట్రేలు ఒక పక్కకి పేర్చి, "ఇక్కడ కూర్చోబెట్టండి, గాలి తగులుద్ది. నేను అద్దాలు దించుకుని పోతాను," అన్నాడు. నేను బావ పక్కన కూర్చున్నాను. అక్క మంద దగ్గర ఉండాలి. ఆరువందల ప్రాణాల్ని గట్టు మీద వదిలేసి రాలేదు. వ్యాను కదులుతుంటే బావ అక్కతో, "కుంటిదాన్ని చూడు. దారిలో వదిలేస్తాడు వీడు," అన్నాడు.

బందరు ఆసుపత్రి దగ్గర దింపగానే లోపలినుంచి ఒకమ్మాయి పరుగున వచ్చి బావ వేలికి మిషను పెట్టింది. బురద ఉన్న వేలికే పెట్టింది. దానికేం కాలేదు. అంకె చూసి చక్రాల కుర్చీ లాక్కొచ్చింది. ఆ అంకె నేనూ చూశాను. అక్కతో ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడా రాయను.

లోపలికి మమ్మల్ని రానివ్వరు. రెండు రోజులు బయట చెట్టు కింద ఉన్నాను. అక్కడ నాలాంటి వాళ్ళు చాలామంది. ఎవరూ ఎవరినీ ఏ ఊరని అడగలేదు. జీవితంలో మొదటిసారి అంతమంది మనుషుల మధ్య కూర్చుని నేను ఒక్క కథా చెప్పలేదు. నాకు పరీక్ష చేశారు, లేదన్నారు. రెండో రోజు బావ ఫోను చేసి, "ఇక్కడుండి నువ్వు చేసేదేముంది? అక్కడ మీ అక్క ఒక్కతే ఉంది. వెళ్ళు," అన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఆక్సిజను బుడగల చప్పుడు వినపడేది.

తిరిగి వచ్చేసరికి మంద నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉంది. వేసవి కదా, కాలవలు కట్టేశారు. గట్టు పక్క మిగిలిన గుంటలో నీళ్ళు రెండు రోజుల్లో బురదైపోయాయి. అక్క బిందెలతో ఊరి కుళాయి నుంచి మోస్తోంది. ఎక్కడా చాలడం లేదు. ఆ పొద్దున నాలుగు చచ్చిపోయాయి. బందరు రోడ్డు దాటితే అవతల పెద్ద మురుగు కాలవ ఉంది, దాంట్లో నీళ్ళున్నాయి. మధ్యలో ఉన్నది ఒక్క రోడ్డే. కానీ పన్నెండు లోపు ఇళ్ళు చేరాలని జనం బళ్ళ మీద దూసుకుపోతున్న రోడ్డు. పన్నెండు తర్వాత దాటిద్దామంటే ఎండకి ఇంకో నలభై పోతాయి. వెనకనుంచి తోలితే రోడ్డెక్కే మంద కాదు మాది. ముందు పిలిచేవాడుండాలి.

నేను ముందు నిలబడి పిలిచాను. కదల్లేదు. దగ్గాను. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. ఎన్ని ఊళ్ళలో ఆ దగ్గుని కథగా చెప్పానో, ఒక్కసారీ సరిగ్గా విననట్టుంది. నాది నాటకం దగ్గు. ఒక్క మెడా లేవలేదు.

అప్పుడు బావకి ఫోను చేశాను. స్పీకరు పెట్టి మంద వైపు చాపాను.

"బావా, మందని రోడ్డు దాటించాలి. ఓసారి దగ్గు."

పక్కనుంచి నర్సమ్మ గొంతు. "ఏమండీ, ఆయన్ని దగ్గమంటారేంటి? బుద్ధుందా?"

"పర్లేదమ్మా, బాతులు," అన్నాడు బావ. మూతి మీది ఆక్సిజను మాస్కు తీసిన చప్పుడైంది. దగ్గాడు. చిన్న పిల్లవాడు దగ్గినట్టు ఉంది. ఎండలో, ఫోనులోంచి.

మంద అలాగే నిలబడి ఉంది.

"వచ్చాయా?" అన్నాడు.

అక్క నా పక్కనే ఉంది. నేను మంద వైపు చూస్తూ చెప్పాను. "వచ్చాయి బావా. అన్నీ వచ్చాయి. వరసగా రోడ్డెక్కాయి. బళ్ళన్నీ ఆగిపోయాయి. ఒకాయన బండి దిగి దణ్ణం పెడుతున్నాడు. అదిగో, దాటేస్తున్నాయి."

"కుంటిది?"

"అది అందరికంటే ముందు నడుస్తోంది."

కాసేపు బుడగల చప్పుడే.

"అబద్ధం," అన్నాడు బావ. "అది ముందు రాదు." నవ్వాడనుకుంటాను. మాస్కు మళ్ళీ పెట్టిన చప్పుడైంది, ఫోను ఆగిపోయింది.

అక్క నా చేతిలోని గెడ తీసుకుంది. రోడ్డు అంచుదాకా నడిచి వెళ్ళి, మంద వైపు తిరిగి నిలబడింది. ఆకుల గుడ్డ గడ్డం కిందకి లాక్కుంది. చుట్ట ఎరగని మనిషి. ఇరవై ఆరేళ్ళు ప్రతి ఉదయం పొయ్యి ఊదుతూ విన్న దగ్గు. ఒకటి, రెండు పొట్టివి. ఆగింది. తర్వాత పొడుగుది, చివర గొంతులో గీసుకుపోతూ.

ఆరువందల మెడలు లేచాయి. చచ్చిపోయిన నాలుగూ తీసేసి చెప్పాలంటే అయిదువందల తొంభై ఆరు.

అక్క వెనక్కి నడుస్తూ, దగ్గుతూ రోడ్డెక్కింది. మంద ఆమె వెంట ఎక్కింది. బందరు వైపునుంచి వస్తున్న మోటారు సైకిళ్ళు ఆ దగ్గు విని దూరంగానే కాళ్ళు కింద పెట్టేశాయి. ఒక ఆటో వెనక్కి తిరిగిపోయింది. అటూ ఇటూ రోడ్డంతా నిలిచిపోయింది. ఎవరూ హారను కొట్టలేదు. నేను బావకి చెప్పిన అబద్ధం నా కళ్ళ ముందు, ఎండలో, ముక్క తేడా లేకుండా జరుగుతోంది. దణ్ణం పెట్టినవాడొక్కడే లేడు. కుంటిది మాత్రం ఆఖర్నే వచ్చింది. అక్క రోడ్డు మధ్యలో దాని కోసం ఆగింది.

మంద నీళ్ళలో దిగగానే నేను ఫోను తీశాను. నా దగ్గర చెప్పడానికి ఒక నిజం ఉంది. రింగైంది. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. సాయంత్రం దాకా చేస్తూనే ఉన్నాను. తెల్లవారుజామున గుడ్లు ఏరుతుంటే అదే నెంబరు నుంచి వచ్చింది. నిన్నటి నర్సమ్మ గొంతు. పేరు అడిగి, నేను చెప్పాక, కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ కాసేపట్లోనే అక్క చేతిలో బుట్ట కింద పెట్టేసింది.

దహనం బందరులోనే అయిపోయింది. చూపించిన చోట దూరంగా నిలబడ్డాను. ఫోను, నెమలి తల గుడ్డ ఒక కవరులో పెట్టి ఇచ్చారు. అక్క ఆ గుడ్డ ఉతికింది, ఆరేసింది. కట్టుకోలేదు.

పదో రోజు దాటాక ఆ ఆశా వర్కరు మళ్ళీ వచ్చింది. ఆమెకి సంగతి తెలుసు. స్కూటీ ఆపి కూడా వెంటనే దిగలేకపోయింది. నేను ఎదురు వెళ్ళాను. చెప్పాలనుకున్న మాట ఉంది. ఆ రోజు మీరు వేలు అడిగారు, నేను కథ చెప్పాను. ఆ మాట ఆమెతో అనేశాను. ఆమె తల అడ్డంగా ఊపింది, ఏదో అనబోయింది.

అప్పుడే కాలవ వైపునుంచి దగ్గు. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. మంద నీళ్ళలోంచి లేచి గట్టెక్కుతోంది. ఆమె ఉలిక్కిపడి అక్క వైపు చూసి, నా వైపు చూసింది. నా నాలుక చివర కథ మొత్తం సిద్ధంగా ఉంది. కంప, కుర్చీ, కుర్రాడు. ఇప్పుడు దానికి సాక్ష్యం కూడా ఉంది, మెడలెత్తి వస్తోంది.

"ఆవిడ వేలు పెట్టి చూడండి మేడమ్," అన్నాను.

ఆమె గట్టు దిగింది. అక్క తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని చాపింది. ముగ్గురం ఆ చిన్న మిషను మీదికి వంగాం. అంకెలు కాసేపు తడబడ్డాయి. తొంభై ఎనిమిది దగ్గర నిలిచాయి.

"ఇంకోసారి చూడండి," అన్నాను.

ఆమె ఇంకోసారి చూసింది. ఆ తర్వాత నా వేలు కూడా పెట్టమంది. పెట్టాను. కుంటిది అప్పటికింకా గట్టు సగంలోనే ఉంది. అది పైకి వచ్చేదాకా మేం ముగ్గురం అక్కడే నిలబడ్డాం.